అభిజ్ఞానము

ఢిల్లీ నగరపు నైరృతి దిక్కున రామకృష్ణపురం అనే పేట ఉన్నది. వాడుకలో అందరూ దానిని ఆర్.కె. పురం అంటారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసం కోసం కట్టిన పేట అది. వరుసలు వరుసలుగా ఒకే తీరు ఇండ్లు, వాటి పక్కనే వెస్ట్ బ్లాక్, ఈస్ట్ బ్లాక్ అని పేర్లు పెట్టిన కార్యాలయ భవనాలు. 1960లో ఏర్పడిన కేంద్రీయ హిందీ నిదేశాలయమూ, 1961లో ఏర్పడిన వైజ్ఞానిక సాంకేతిక శబ్దావళీ ఆయోగమూ చాలాకాలం ఆ వెస్ట్ బ్లాకులోనే పనిచేసినవి. భౌతికశాస్త్రం మొదలు మనశ్శాస్త్రం దాకా పాశ్చాత్య శాస్త్రాల మాటలకు దేశభాషల మాటలు ఏర్పరచడం ఆ ఆయోగానికి అప్పగించిన పని.

మనశ్శాస్త్ర పదాల పట్టిక కూర్చేవారికి జ్ఞాపకమన్న చోట ఒక చిక్కు ఎదురౌతుంది. లోకం ఒక్క మాటతో చెప్పే ఈ వ్యాపారాన్ని ఆ శాస్త్రం రెండుగా విడదీసినది. ఎదుట ఏ ఆధారమూ లేకుండా గడచినదానిని మనస్సులో నుండి పైకి తెచ్చుకొనడం ఒకటి. ఎదుటికి వచ్చినదానిని చూచి ‘ఇది అదే’ అని పోల్చుకొనడం రెండవది. హిందీ గ్రంథాలు మొదటిదానిని ప్రత్యాహ్వానమనీ పునఃస్మరణమనీ వ్రాసినవి. రెండవదానిని ప్రత్యభిజ్ఞానమనీ, తేటమాటలో పహచాన్ అనీ వ్రాసినవి. తెలుగు పాఠ్యగ్రంథాలలో పునఃస్మరణ, గుర్తింపు అన్నవి నిలిచినవి. మాటలు కొత్తగా కనిపించినా భేదం కొత్తది కాదు. కాళిదాసు తన నాటకానికి పెట్టిన పేరులోనే అది ఉన్నది.

మహాభారతం ఆదిపర్వంలోని దుష్యంతుడు శకుంతలను మరచిపోలేదు. నిండుసభలో ఆమె ఎవరో తెలిసియుండియే ఎరుగనని బొంకినాడు. అక్కడ శాపమూ లేదు, ఉంగరమూ లేదు. కాళిదాసు ఈ రెండింటినీ చేర్చి, అబద్ధమాడిన రాజును మరచిపోయిన రాజుగా మార్చినాడు. నాయకుని శీలాన్ని కాపాడడానికే ఈ మార్పు చేసినాడని విమర్శకులు సాధారణంగా చెబుతారు. అది నిజమే కావచ్చు. అయితే ఆ అవసరం తీరడానికి శాపమొక్కటే చాలును. కవి అంతటితో ఆగక మరుపు స్వరూపాన్ని గురించి అంకం తరువాత అంకంలో ఆలోచించినాడు.

దుర్వాసుని శాపంలోనే ఒక ఉపమానం ఉన్నది. మత్తుడైనవాడు తాను ముందు పలికిన మాటను ఎట్లు తలచుకొనలేడో, అట్లే ఆ రాజు ఎవరెంత గుర్తు చేసినా నిన్ను తలచుకొనలేడని దాని భావం. ప్రేమను మరచినవానికి పోలికగా కవి ముసలివానిని తేలేదు, రోగిని తేలేదు, మత్తులో ఉన్నవానిని తెచ్చినాడు. మత్తు ఒక అవస్థ. అది దిగిన తరువాత మనిషి మరొక అవస్థలో ఉంటాడు. ఒక అవస్థలోని మాట రెండవ అవస్థకు అందదు. తపోవనంలోని దుష్యంతుడూ సింహాసనం మీది దుష్యంతుడూ ఇట్టి రెండు అవస్థలలోని ఒకే మనిషి అన్నట్లు శాపం పనిచేసినది.

అయిదవ అంకంలో, శకుంతల సభకు రాకముందే, అంతఃపురంలో హంసపదిక పాడుతుంది. ఆ పాట విని రాజుకు కారణం తెలియని దిగులు కలుగుతుంది. ఇష్టజనవియోగమేదీ లేదే, మనస్సెందుకు ఇట్లైనదని తనలో తాను విచారించి, ఏ పూర్వజన్మపు స్నేహమో తెలియకుండానే మనస్సు స్మరిస్తూ ఉండవచ్చునని సమాధానపడతాడు. అది పూర్వజన్మపుది కాదనీ, ఈ జన్మపుదే, కొన్ని నెలల క్రిందటిదేననీ ప్రేక్షకునికి తెలుసును. అభినవగుప్తుడు రసాన్ని విచారించే సందర్భంలో ఈ శ్లోకాన్ని ఎత్తుకొనడంలో ఆశ్చర్యం లేదు. జ్ఞాపకం పోయినది, దాని ఆర్ద్రత మాత్రం మిగిలినది. సంస్కారం చెడలేదు, దానిని చేరే త్రోవ మూసుకొనిపోయినది.

ఆ త్రోవను తెరచినది ఉంగరం. ఎదుట నిలిచిన శకుంతల ముఖం చేయలేని పనిని జాలరి చేతి ఉంగరం చేసినది. గంభీరస్వభావుడైన రాజు దానిని చూడగానే క్షణకాలం కలతపడినాడని రక్షకభటుల అధికారి వచ్చి చెబుతాడు. ఏడవ అంకంలో దుష్యంతుడు తన మతిమార్పును తానే వివరించుకొన్నాడు: ఏనుగు ఎదుట ఉన్నంతసేపు ఏనుగు కాదని, అది దాటిపోయిన తరువాత ఏమోనని సందేహించి, చివరకు అడుగుజాడలు చూచి ఏనుగేనని నమ్మినవాని వంటిదట తన మనస్సు. అడుగుజాడ, ఉంగరం, ఇవే అభిజ్ఞానాలు.

కవి నాటకంలో చూపినదానిని నైయాయికులు ప్రశ్నగా పెట్టినారు. అనుభవాల సంస్కారాలన్నీ ఆత్మలో ఉండగా స్మృతులన్నీ ఒకేమారు ఎందుకు పుట్టవు? వారి సమాధానం సూటియైనది: స్మృతికి సంస్కారమొక్కటే చాలదు, దానిని మేలుకొలిపే నిమిత్తం కూడా కావలెను, నిమిత్తాలు ఒకేమారు రావు. న్యాయసూత్రాలలో మూడవ అధ్యాయం ఆ నిమిత్తాలను ఇరవైకి పైగా పేర్కొన్నది. ప్రణిధానం, అభ్యాసం, లింగం, సాదృశ్యం వంటివి ఎవరైనా ఊహింపదగినవి. వాటి సరసనే సుఖం, దుఃఖం, ఇచ్ఛ, ద్వేషం, భయం అన్నవి కూడా ఉన్నవి. మనస్సు ఉన్న స్థితియే జ్ఞాపకానికి తాళపుచెవి కాగలదని సూత్రకారుడు గుర్తించినాడన్నమాట. దుఃఖంలో ఉన్నవానికి వెనుకటి దుఃఖాలే వరుసగా గుర్తుకు వస్తాయని ఇంటింటా అనుభవమే. అయినా దానిని తర్కశాస్త్రపు పట్టికలోనికి ఎక్కించడం వేరు.

యోగులకూ వేదాంతులకూ ఇంతకంటె కఠినమైన సమస్య ఎదురైనది. గాఢనిద్రలో ఏమీ తెలియదంటారు. మరి మేలుకొన్నవాడు ‘సుఖంగా నిద్రపోయినాను, ఏమీ తెలియలేదు’ అని ఎట్లు చెప్పగలుగుతున్నాడు? ఆ మాట స్మృతియే కాని ఊహ కాదని, స్మృతి అనుభవం లేనిదే పుట్టదని, కనుక నిద్ర కూడా ఒక చిత్తవృత్తియేనని యోగసూత్రాలకు భాష్యం వ్రాసిన వ్యాసుడు వాదించినాడు. పదునాలుగవ శతాబ్దిలో విద్యారణ్యుని పేర వెలసిన పంచదశి ఇదే యుక్తిని సమాధికి వర్తింపజేసినది. సమాధిలో ఉన్నప్పుడు వృత్తులు తెలియవు, లేచినవానికి కలిగే స్మరణాన్ని బట్టి అవి ఉండినవని అనుమానించవలెనని ఆ గ్రంథం చెప్పినది. అంటే, ఒక అవస్థకు సాక్ష్యం మరొక అవస్థలో కలిగే జ్ఞాపకమే. ఆ జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ వ్యాసానికి విషయమైన ప్రశ్న ఇదే. అది వేదాంతుల పాఠశాలలు దాటి వైద్యశాలలకూ న్యాయస్థానాలకూ పోయినది.

అంతకుముందు తెలుగు కవి ఒకనిని తలచుకొనవలసి ఉన్నది. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన వ్రాసిన కళాపూర్ణోదయంలో మధురలాలస అనే పసిపాప ఉన్నది. పూర్వజన్మలో ఆమె కలభాషిణి. ఒక మణిహారంలోని రత్నం ఆమె ఎదను తాకినంతసేపు ఆ పాపకు గతమంతా తెలుస్తుంది, పెద్దవారి వలె మాటలాడుతుంది. రత్నం పక్కకు తొలగితే అన్నీ మరచి మళ్లీ పసిపాప అయిపోతుంది. కాళిదాసు ఉంగరం మరుపును ఒక్కమారు పోగొట్టి ఊరుకొన్నది. సూరన హారం అట్లు కాదు. అది ఉన్నంతసేపు ఒక అవస్థ, లేనప్పుడు మరొకటి, ఏ అవస్థ జ్ఞాపకం ఆ అవస్థకే చెల్లును. కథ కోసం కల్పించిన చమత్కారమని దీనిని పక్కన పెట్టడం సులభం. కాని సూరన కథాబంధంలో ఊరక వచ్చే చమత్కారాలు తక్కువ.

సూరనకు మూడువందల ఏండ్ల తరువాత ఇంగ్లండులో ఇదే తీరు వృత్తాంతం ఒకటి వైద్యగ్రంథాల కెక్కినది. జార్జి కూంబ్ అనే రచయిత చెప్పగా, జాన్ ఎలియట్‌సన్ అనే వైద్యుడు తన గ్రంథంలో చేర్చుకొన్నాడు. ఐర్లండు దేశపు కూలి ఒకడు ఒక గిడ్డంగిలో పనిచేసేవాడు. త్రాగినప్పుడు చేసినది తెలివిలో ఉన్నప్పుడు గుర్తుండేది కాదు. మళ్లీ త్రాగితే గుర్తుకు వచ్చేది. ఒకనాడు త్రాగిన మత్తులో విలువైన మూట ఒకటి పోగొట్టుకొన్నాడు. తెలివి వచ్చిన తరువాత ఎంత అడిగినా చెప్పలేకపోయినాడు. మరుమారు త్రాగినప్పుడు ఫలానా ఇంట వదలినానని చెప్పినాడు, మూట దొరికినది. 1868లో విల్కీ కాలిన్స్ వ్రాసిన ‘ది మూన్‌స్టోన్’ నవలకు ఈ కూలి కథ ఇరుసు వంటిది. సోమనాథ దేవుని మణి ఒకటి 1799లో శ్రీరంగపట్టణపు దోపిడిలో ఒక ఆంగ్లసైనికుని చేత చిక్కి ఇంగ్లండుకు చేరుతుంది. అక్కడ ఒక రాత్రి అది మాయమౌతుంది. దానిని తీసినవాడు కథానాయకుడే. తెలియకుండా తన కిచ్చిన నల్లమందు మత్తులో, మణిని భద్రపరచవలెనన్న తలంపుతోనే తీసినాడు. తెల్లవారేసరికి ఏమీ గుర్తు లేదు. ఏడాది గడచిన తరువాత ఎజ్రా జెన్నింగ్స్ అనే వైద్యసహాయకుడు అదే ఇంటిలో, అదే గదిలో, అదే తీరున సామాను అమర్పించి, మళ్లీ నల్లమందు ఇచ్చి, ఆ రాత్రిని తిరిగి నడిపిస్తాడు. నాయకుడు మళ్లీ లేచి మణిని తీస్తాడు, కాని దానిని ఎక్కడ దాచినదీ చూపకముందే నిద్రలో పడిపోతాడు. తానే నొప్పులకు నల్లమందు సేవించిన రచయిత ఈ కొంచెపు వైఫల్యాన్ని ఉంచడం మెచ్చదగినది. జ్ఞాపకం సగమే తిరిగి వచ్చినది.

ఇరువదవ శతాబ్దిలో ప్రయోగశాలలు ఈ కథను పరీక్షకు పెట్టినవి. 1964లో డొనాల్డ్ ఓవర్టన్ మత్తుమందు ఇచ్చి ఎలుకలకు దారి నేర్పినాడు. మత్తులో నేర్చిన దారి మత్తు లేనప్పుడు వాటికి తెలియలేదు, మళ్లీ మత్తు ఇచ్చినప్పుడు తెలిసినది. 1969లో అమెరికాలో గుడ్విన్, ఆయన సహచరులు 48 మంది వైద్యవిద్యార్థులకు మద్యమిచ్చి పరీక్షించినారు. మొదటి దినం ఏ అవస్థలో నేర్చినారో రెండవ దినం అదే అవస్థలో ఉన్నవారికి పునఃస్మరణ మేలుగా ఉన్నది, అవస్థ మారినవారు ఎక్కువ తప్పులు చేసినారు. కాని చూపిన బొమ్మలను పోల్చుకొనడంలో అవస్థాభేదం చెప్పుకోదగినంత తేడా తేలేదు. 1975లో బ్రిటన్‌లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు నీటిలో మునిగి పనిచేసేవారికి నీటి అడుగున కొన్ని మాటలు, గట్టుమీద కొన్ని మాటలు నేర్పినారు. నేర్చిన చోటనే అవి ఎక్కువగా గుర్తుకు వచ్చినవి. 1980లో వారే పోల్చుకొనడాన్ని పరీక్షించగా తేడా కనిపించలేదు. ఈ నీటి ప్రయోగాన్ని 2021లో మళ్లీ చేసి చూచినప్పుడు మొదటి ఫలితం రాలేదన్నది కూడా చెప్పవలసినదే. ఇట్టి ఫలితాలు పాఠ్యగ్రంథాలలో కనిపించేటంత బలమైనవి కావు. అయినా వీటన్నిటిలో ఒక తీరు కానవస్తున్నది. అవస్థ మారడం వల్ల ముఖ్యంగా దెబ్బతినేది పునఃస్మరణ. ఎదుట గట్టి గుర్తు ఒకటి ఉన్నచోట ఆ దెబ్బ తగ్గుతుంది. ఉంగరం విషయంలో కాళిదాసు పొరబడలేదు.

అయితే అన్ని మరుపులకూ ఉంగరం ఉండదు. దీనికి ఉదాహరణ తెలుగువారి చేలగట్ల మీదనే ఉన్నది. ఉమ్మెత్త గింజలు కలిపిన తినుబండారాలు బాటసారులకు పెట్టి, వారు మతి తప్పిన తరువాత దోచుకొనిపోయే దొంగలను గురించి పందొమ్మిదవ శతాబ్దపు వైద్యన్యాయ గ్రంథాలు విరివిగా వ్రాసినవి. 1856లో కలకత్తాలో నార్మన్ చేవర్స్ ప్రకటించిన గ్రంథం అందులో పేర్కొనదగినది. కోలుకొన్నవాడు తనకు ఎవరు పెట్టినారో, తరువాత ఏమి జరిగినదో చెప్పలేడు. ఉమ్మెత్తలోని స్కోపలమిన్ అనే ద్రవ్యం కొత్త జ్ఞాపకాన్ని నాటుకొననీయదు. అట్టివానికి తరువాత ఎన్ని గుర్తులు చూపినా ప్రయోజనం లేదు. త్రోవ మూసుకొనిపోవడం వేరు, త్రోవ చివర ఏమీ లేకపోవడం వేరు. మితిమీరి త్రాగినవాని మరుపు కూడా చాలావరకు ఈ రెండవ జాతిదే.

ఈ భేదాన్ని మరచినందువల్ల ఒక వింత జరిగినది. ఇరువదవ శతాబ్ది ఆరంభంలో జర్మనీలోని ఫ్రైబర్గ్ ప్రసూతిశాలలో కార్ల్ గౌస్ అనే వైద్యుడు అదే ద్రవ్యాన్ని మార్ఫియాతో కలిపి ప్రసవవేళ ఇచ్చినాడు. తల్లులు నొప్పి పడేవారు, కేకలు వేసేవారు, కాని తరువాత వారికేమీ గుర్తుండేది కాదు. మందు చాలినదా లేదా అని తెలుసుకొనడానికి వైద్యులు ఒక వస్తువు చూపి, కొంతసేపటికి మళ్లీ దానినే చూపి ఇంతకుముందు చూచినారా అని అడిగేవారు, చూడలేదన్నచో చాలినట్లు. పడిన బాధ గుర్తులేకపోతే బాధపడనట్లేనా అన్నది వేదాంతులు సుషుప్తిని గురించి వేసిన ప్రశ్నకు చెల్లెలు. ఈ పద్ధతి అమెరికాకు పోయినది. టెక్సాస్‌లో రాబర్ట్ హౌస్ అనే ప్రసూతివైద్యుడు ఆ మత్తులోని మనిషి అడిగినదానికి తడుముకొనకుండా జవాబు చెప్పడం గమనించి, ఇది నిజం చెప్పించే మందు అని నమ్మినాడు. 1922లో డల్లాస్ జైలులో ఇద్దరు ఖైదీలపై ప్రయోగించినాడు. దారిదొంగలు మరపించడానికి వాడిన మందు జ్ఞాపకం రప్పించే మందుగా పేరు మోసినది.

ఆ నమ్మకం మందు మార్చుకొని, సోడియం పెంటథాల్ రూపంలో, మన దేశపు నేరపరిశోధనకు వచ్చినది. ఈ శతాబ్ది మొదటి పదేండ్లలో నిందితులను మత్తులో ఉంచి ప్రశ్నించడం పత్రికలలో తరచు వినవచ్చేది. 2010 మే 5వ తేదీన ఢిల్లీలో సుప్రీంకోర్టు సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం అనే వ్యాజ్యంలో తీర్పు చెప్పి దీనికి అడ్డుకట్ట వేసినది. మనిషి సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయడం రాజ్యాంగంలోని 20వ అధికరణం మూడవ ఖండానికీ 21వ అధికరణానికీ విరుద్ధమని నిర్ణయించినది. మత్తులోని మనిషి అడిగేవాని సూచనలకు లొంగిపోతాడనీ, నిజాన్నీ కల్పననూ కలిపి చెప్పవచ్చుననీ న్యాయమూర్తులు గమనించినారు. సమ్మతించి పరీక్ష చేయించుకొన్నవాని విషయంలో కూడా, ఆ పలుకులే సాక్ష్యం కావు. వాటి వల్ల తరువాత దొరికిన వస్తువు గాని విషయం గాని ఉంటే అది మాత్రం సాక్ష్యానికి రావచ్చునన్నారు. పలుకును కాదని వస్తువును చూపుమన్న ఈ తీర్పును చదివినప్పుడు జాలరి ఉంగరం తలపునకు రాకపోదు.

రామకృష్ణపురమన్న పేరు వింటే దక్షిణేశ్వరపు పరమహంస గుర్తుకు వస్తారు. అవస్థాంతరాలకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధాన్ని అధునాతన కాలంలో ఆయన జీవితమంత దగ్గరగా చూపినది మరొకటి లేదు. ఆరేడేండ్ల బాలుడుగా, ఒడిలో మరమరాలు పెట్టుకొని పొలంగట్టు మీద పోతూ, నల్లని మబ్బు మీద ఎగిరే తెల్లని కొంగల బారును చూచి ఒడలు మరచి పడిపోయినాడు. అది మొదలు 1886లో దేహం చాలించేదాకా, ఏ చిన్న గుర్తు చాలును, మనస్సు సమాధికి ఎక్కిపోయేది. జంతుశాలలో సింహాన్ని చూస్తే దేవి వాహనం తలపునకు వచ్చి సమాధి. కలకత్తా మైదానంలో బెలూను ఎగరడం చూడబోయి, ఒక చెట్టుకు ఆనుకొని మూడు వంపులుగా నిలుచున్న ఇంగ్లీషు పిల్లవానిని చూచినాడు, కృష్ణుడు తలపునకు వచ్చినాడు, వెంటనే సమాధి. ఇట్టి గుర్తులకు ఆయన ఉద్దీపనమనే పేరు వాడేవాడు. అలంకారశాస్త్రపు మాటయే అది. ఇంతవరకు చూచిన ఉదాహరణలలో అవస్థ జ్ఞాపకాన్ని తెచ్చినది. ఇక్కడ జ్ఞాపకమే అవస్థను తెచ్చినది.

తిరిగి వచ్చిన తరువాత ఏమి చెప్పగలిగినాడు? శారదానందస్వామి వ్రాసిన లీలాప్రసంగంలో ఒక ఘట్టం ఉన్నది. మనస్సు ఏ కేంద్రంలో ఉన్నప్పుడు ఏమి కనిపిస్తుందో అంతా ఈనాడు దాచకుండా చెబుతానని ఆయన శిష్యుల ఎదుట మొదలుపెట్టినాడు. కంఠం దాటేదాకా చెప్పినాడు. కనుబొమల నడుమకు రాగానే వర్ణింపబోయి సమాధిలో మునిగినాడు. మళ్లీ ప్రయత్నించినాడు, మళ్లీ అంతే. చివరకు కన్నీటితో, చెప్పవలెననే ఉన్నది, అమ్మ నోరు మూస్తున్నదన్నాడు. సముద్రపు లోతు కొలవబోయి కరిగిపోయిన ఉప్పుబొమ్మ కథ ఆయన తరచు చెప్పడానికి కారణం ఇదే. 1902లో విలియం జేమ్స్ మతానుభవాలను గురించి వ్రాసిన గ్రంథంలో, ఇట్టి అవస్థలు తొలగిన తరువాత వాటిని జ్ఞాపకంలో అసంపూర్ణంగానే తెచ్చుకొనగలమనీ, మళ్లీ వచ్చినప్పుడు మాత్రం అవి పాతవేనని పోల్చుకొంటామనీ అన్నాడు. పునఃస్మరణ దుర్బలం, ప్రత్యభిజ్ఞ ప్రబలం అని దాని తాత్పర్యం. పంచదశీకారుడు సమాధికి స్మరణాన్ని సాక్షిగా నిలిపినాడు. జేమ్స్ ఆ సాక్షి నత్తివాడని చెప్పినాడు. వీరిద్దరిలో పరమహంస అనుభవం జేమ్స్ వైపే మొగ్గుతున్నది.

లోకానికి మిగిలిన జ్ఞాపకం మేలుకొని ఉన్నవానిది. మహేంద్రనాథ్ గుప్త పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, చిన్ననాటి నుండి దినచర్య వ్రాసే అలవాటు కలవాడు. 1882 ఫిబ్రవరిలో మొదటిసారి దక్షిణేశ్వరం పోయినాడు. అక్కడ కూర్చొని వ్రాసుకొనలేదు. ఇంటికి వచ్చి క్లుప్తంగా గుర్తులు వ్రాసుకొనేవాడు. ఒకనాటి ముచ్చట పూర్తి కావడానికి కొన్ని దినాలు కూడా పట్టేవి. తరువాత ఎన్నో ఏండ్లకు ఆ పొడిమాటలను ముందు పెట్టుకొని, ఆనాటి దృశ్యాన్ని ధ్యానించి, వంగభాషలో కథామృతం వ్రాసినాడు. అయిదు సంపుటాలలో మొదటిది 1902లో, చివరిది ఆయన కన్నుమూసిన 1932లో వెలువడినవి. చివరి సంపుటంలోని మాటకూ అది పలికిన దినానికీ నడుమ సుమారు యాబది ఏండ్లు. ఇది చరిత్రయేనా అని అడుగదగినదే. ఆయన కూడా అడుగుకొన్నాడు. ప్రత్యక్షంగా విని ఆ దినమే వ్రాసుకొన్నది, ప్రత్యక్షంగా విన్నా అప్పుడు వ్రాసుకొననిది, ఇతరుల వల్ల విన్నది అని ప్రమాణాన్ని మూడు తరగతులు చేసి, తన గ్రంథం మొదటి తరగతికి చెందినదని చెప్పుకొన్నాడు.

ఈ గ్రంథాన్ని హిందీలోనికి తెచ్చినవాడు సూర్యకాంత్ త్రిపాఠీ నిరాలా. శ్రీరామకృష్ణ వచనామృతం అన్న పేరుతో వెలసిన ఆ అనువాదం చదివినవారికి ఒక విషయం తెలుస్తుంది. ప్రతి ఘట్టం ముందు తేదీ, తిథి, వారం ఉంటాయి. గదిలో ఎవరెక్కడ కూర్చున్నారు, గంగ పోటు మీద ఉన్నదా, వెన్నెల వచ్చినదా, హారతి గంటలు మ్రోగినవా అన్నవన్నీ ఉంటాయి. ఉపదేశం కోసం తొందరపడే పాఠకుడు వీటిని దాటిపోతాడు; సంగ్రహకర్తలు తీసివేస్తారు. కాని మహేంద్రనాథునికి ఇవి అలంకారాలు కావు. ఆ గదినీ ఆ వేళనూ మనస్సులో తిరిగి నిలిపితేనే అక్కడి మాట తిరిగి వినిపించినది. జెన్నింగ్స్ సామాను అమర్పించినది ఇందుకే.

సమాధి వచ్చిన చోట మాత్రం ఆయన కలం బయటనే ఆగినది. కన్నులు నిశ్చలమైనవి, ముఖాన చిరునవ్వు ఉన్నది, దేహం కదలడం లేదు అని వ్రాసి ఊరుకొన్నాడు. లోపలి సంగతి ఒక్క అక్షరమైనా కల్పించలేదు. కొంతసేపటికి పరమహంస మనస్సును క్రిందికి దింపుకొనడానికి చిన్న కోరిక ఏదో ఒకటి చెబుతాడు. ఆ మాటను గ్రంథకర్త ఉన్నదున్నట్లు వ్రాసుకొన్నాడు: మంచినీళ్లు త్రాగుతాను.